ఖనిజానికి ముందు, మనిషికి తరువాత: బస్తర్ ప్రయాణాలూ డ్రైవర్ లేని వాహనమూ

డ్రైవర్ లేకుండా తనంతట తాను నడిచే కారు గురించి ప్రపంచంలో సాగుతున్న చర్చ చాలావరకు పెద్ద నగరాల చుట్టూనే తిరుగుతున్నది. రద్దీ తగ్గుతుందా, పార్కింగు స్థలాలు ఖాళీ అవుతాయా, మెట్రో ఎక్కేవారు మెట్రోను విడిచిపెడతారా అన్నవే అందులో ముఖ్యమైన ప్రశ్నలు. బస్సు వచ్చినా వానాకాలంలో రాని ఊళ్లు, పట్టాలు కనిపిస్తున్నా రైలు ఎక్కే వీలు లేని ఊళ్లు ఉన్న ప్రాంతంలో ఆ వాహనం ఎవరికి ముందు అందుతుంది, ఎవరిని దాటి పోతుంది అన్న ప్రశ్న అరుదుగా వినిపిస్తుంది. ఈ ఉపన్యాసం ఆ ప్రశ్నను ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగమైన బస్తర్‌ను ముందుంచుకొని పరిశీలిస్తుంది. తెలుగు నేలకు ఆనుకొని ఉన్న ఈ ప్రాంతానికి యంత్ర రవాణా గత అరవై ఏళ్లుగా ఖనిజం కోసం ముందు, మనిషి కోసం తరువాత వస్తూ ఉన్నదనీ, డ్రైవర్ లేని వాహనాన్ని రైలుకూ బస్సుకూ అనుబంధమైన ప్రజాసేవగా ముందే కట్టుదిట్టం చేయకపోతే అదీ ఆ వరుసలోనే వస్తుందనీ ఇక్కడ ప్రతిపాదన.

ముందుగా పరిభాష. వాహనాల స్వయంచాలకతను అంతర్జాతీయంగా సున్నా నుంచి అయిదు వరకు ఆరు స్థాయులుగా లెక్కిస్తారు. 2014లో తొలిసారి వెలువడిన ఈ వర్గీకరణలో రెండో స్థాయి వరకు వాహనం స్టీరింగునూ వేగాన్నీ చూసుకున్నా రోడ్డు మీద కన్ను మాత్రం మనిషిదే. మూడో స్థాయిలో వాహనమే నడుపుకొంటుంది గాని, పిలిచినప్పుడు మనిషి అందుకోవాలి. నాలుగో స్థాయిలో ముందుగా గీసుకున్న హద్దు లోపల, అంటే ఫలానా రోడ్లపై, ఫలానా వాతావరణంలో, ఫలానా వేగం వరకు, మనిషి అవసరం అసలే ఉండదు. అయిదో స్థాయి వాహనం ఎక్కడైనా, ఎప్పుడైనా తనంతట నడవగలగాలి. అటువంటిది ఇంతవరకు ప్రపంచంలో ఎక్కడా సేవలో లేదు. అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో 2020 నుంచి, ఆ తరువాత శాన్‌ఫ్రాన్సిస్కోలో, చైనాలోని వూహాన్‌లో డ్రైవర్ సీటు ఖాళీగా తిరుగుతున్న టాక్సీలన్నీ నాలుగో స్థాయివే. కాబట్టి బస్తర్ విషయంలో అడగవలసింది కారు తనంతట నడుస్తుందా అని కాదు, ఏ హద్దులో నడుస్తుంది, ఆ హద్దు గీసేది ఎవరు అని.

అవిభక్త బస్తర్ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లు దాటేది. అంటే కేరళ రాష్ట్రం కంటే కొంచెం పెద్దది. నేడు అదే భూభాగం బస్తర్, కొండగావ్, నారాయణపూర్, కాంకేర్, దంతెవాడ, బీజాపూర్, సుక్మా అనే ఏడు జిల్లాలుగా ఉన్నది. కాకతీయ ప్రతాపరుద్రుని తమ్ముడిగా చెప్పే అన్నమదేవుని వంశం పాలించిన ఈ నేలలో గోండి, హల్బీ మాటలతో పాటు కుంట, భోపాలపట్నం వైపు తెలుగూ, దోర్లీ వినిపిస్తాయి. ఇంత విశాలమైన ప్రాంతానికి మధ్యగా పోయే రైలు మార్గం చాలాకాలం ఒక్కటే: కొత్తవలస నుంచి అరకు, కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్, దంతెవాడ మీదుగా కిరండూల్ వరకు దాదాపు 445 కిలోమీటర్ల కేకే లైను. 1960లలో దీన్ని తూర్పు కనుమలను తొలిచి, యాభైకి పైగా సొరంగాలతో నిర్మించడానికి కారణం బైలదిల్లా కొండల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడం. హైదరాబాద్ ప్రధాన కార్యాలయంగా ఉన్న జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ, అంటే ఎన్‌ఎండీసీ, 1968లో అక్కడ తవ్వకం ప్రారంభించింది. నాటి నుంచి ఆ కొండల మీదుగా ఖనిజం రైళ్లు రాత్రీ పగలూ దిగుతూ ఉంటే, విశాఖ–కిరండూల్ ప్యాసింజరు ఒక పగలంతా పట్టే ప్రయాణంగా మిగిలింది. భద్రతా కారణాలు చెప్పి దాన్ని దంతెవాడలోనో జగదల్‌పూర్‌లోనో ఆపివేసిన రోజులు, కొండచరియలు విరిగిపడి అసలు నడవని రోజులు స్థానికులకు కొత్త కావు. కొంత ఖనిజం 2000ల మధ్యకాలం నుంచి రైలు కూడా ఎక్కకుండా, నీటితో కలిపిన బురదగా, కిరండూల్ నుంచి విశాఖకు వేసిన 267 కిలోమీటర్ల గొట్టపు మార్గంలో ప్రవహించడం మొదలైంది. ఖనిజానికి రెండో దారి ఏర్పడిన నాటికి మనిషికి మొదటి దారే సరిగా అందలేదన్న మాట చేదైనదే కాని అబద్ధం కాదు.

ఈ వరుస బస్తర్‌కే ప్రత్యేకం కాదు. ఆస్ట్రేలియా పశ్చిమాన ఉన్న పిల్బారా ఇనుప గనులలో రియో టింటో సంస్థ 2008 నుంచి డ్రైవర్ లేని భారీ ట్రక్కులను నడుపుతున్నది. 2018 జూలైలో డ్రైవర్ లేని రైలు, మూడు ఇంజన్లతో, దాదాపు 28 వేల టన్నుల ఖనిజంతో, గని నుంచి రేవుకు చేరింది. ఆ రైలును సుమారు 1,500 కిలోమీటర్ల దూరాన పెర్త్ నగరంలోని కేంద్రం నుంచి పర్యవేక్షించారు. అక్కడ యంత్రం ముందుగా కుదురుకోవడానికి కారణాలు స్పష్టం: కంచె వేసిన దారి, ఒకే యజమాని, ఒకే సరుకు, అడ్డు వచ్చే పశువూ పాదచారీ దాదాపు లేకపోవడం. నాలుగో స్థాయికి కావలసిన హద్దు గనిలో తేలికగా గీయవచ్చు. సంతకు పోయే బాటలో గీయడం కష్టం. బైలదిల్లాలోనూ, 2023లో కొలిమి రాజుకున్న నగర్నార్ ఉక్కు కర్మాగారం ప్రాంగణంలోనూ స్వయంచాలిత వాహనాలకు ఆర్థికంగా ముందుగా చోటు దొరుకుతుందని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కరలేదు. ఆ సాంకేతికత గేటు దాటి బయటికి వస్తుందా, వస్తే ఎవరి చేతి మీదుగా వస్తుంది అన్నదే ప్రజా విధానానికి సంబంధించిన విషయం.

నగరంలో రోజువారీ ప్రయాణం అంటే ఇంటికీ ఆఫీసుకూ మధ్య రాకపోకలు. బస్తర్‌లో ఆ మాటకు అర్థం వేరుగా ఉంటుంది. అక్కడి ప్రయాణానికి లయ దినం కాదు, వారం, ఋతువు. వారపు సంతకు ఇప్పపువ్వు, చింతపండు, మేక, కోడి తీసుకొని పోవడం, ఉప్పూ నూనె బట్టలతో తిరిగి రావడం ఒక ప్రయాణం. గర్భిణిని ఆరోగ్య కేంద్రానికి, ఆశ్రమ పాఠశాలలో ఉన్న పిల్లను ఇంటికి, రేషను కార్డు కోసం బ్లాకు కార్యాలయానికి తీసుకుపోవడం మరో ప్రయాణం. పంటకాలంలో సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి శబరి, గోదావరి దాటి భద్రాద్రి, ఖమ్మం, ములుగు జిల్లాల మిరప చేలకు కూలికి రావడం అన్నిటికన్నా దూరపు ప్రయాణం. ఈ ప్రయాణాలలో ఎక్కువ భాగం పికప్ బండ్లలో, ట్రాక్టరు తొట్లలో, కూర్చోవలసిన చోటికి రెండింతల మనుషులతో సాగుతుంది. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ వల్ల వాహనాలు నిలిచిపోయినప్పుడు, ములుగు జిల్లా మిరప చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి తోటి కూలీలతో కలిసి మూడు రోజులు అడవి దారిన నడిచిన పన్నెండేళ్ల బాలిక ఊరు ఇంకా కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉండగానే ప్రాణం విడిచింది. బస్తర్ రవాణా గురించి రాసే ఏ ప్రణాళిక అయినా ఆ దారిని తన పటంలో గుర్తించాలి. ఆ దారిలో కొరవడింది తెలివైన వాహనం కాదు. హక్కుగా అడగగల ఒక సాధారణ వాహనం.

ఛత్తీస్‌గఢ్‌లో తెలుగు రాష్ట్రాలలో వలె ప్రభుత్వ రోడ్డు రవాణా సంస్థ లేదు. పర్మిట్లు పొందిన ప్రైవేటు యజమానులే బస్సులు నడుపుతారు, కాబట్టి సీట్లు నిండే మార్గాలలో బస్సు ఉంటుంది, నిండని మార్గాలలో ఉండదు. జగదల్‌పూర్ నుంచి కేశ్‌కాల్ ఘాటు మీదుగా రాయ్‌పూర్‌కు పోయే 30వ నంబరు జాతీయ రహదారిపై రాత్రి బస్సులకు కొదవలేదు; అదే రహదారికి దక్షిణాన సుక్మా దాటి, కుంట మీదుగా చింతూరు, భద్రాచలం వైపు వచ్చేకొద్దీ, రోడ్డు నుంచి లోపలికి చీలే దారులలో బస్సన్నదే కనిపించదు. ఆ కొరతను గుర్తించే ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2025 అక్టోబరులో జగదల్‌పూర్‌లో ముఖ్యమంత్రి గ్రామీణ బస్సు పథకాన్ని ప్రారంభించి, నష్టం వచ్చే మార్గాలకు ప్రభుత్వ సాయంతో బస్సులు నడిపే పని చేపట్టింది. ఇది ఆహ్వానించదగినదే కాక, డ్రైవర్ లేని వాహనం గురించిన చర్చకు అసలైన పునాది కూడా. లాభం లేని ఊరికి బస్సు నడపవలసిన బాధ్యత ప్రభుత్వానిదని ఒప్పుకోని చోట, డ్రైవర్ జీతం మిగిలినంత మాత్రాన ఆ ఊరికి బండి రాదు.

నగరాల అనుభవం నుంచి తీసుకోదగిన పాఠాలు రెండే ఉన్నాయి. అంతర్జాతీయ రవాణా వేదిక 2015లో పోర్చుగల్ రాజధాని లిస్బన్ నగరాన్ని కంప్యూటరు నమూనాగా తీసుకొని, అక్కడి కార్ల స్థానంలో డ్రైవర్ లేని వాహనాలు తిరిగితే ఏమవుతుందో లెక్క కట్టింది. మెట్రో ఉండి, వాహనాలను పలువురు పంచుకొంటే పది కార్లలో తొమ్మిది అవసరం లేకుండా పోతాయని, రోడ్లపై వాహనాలు తిరిగే దూరం మాత్రం ఆరు శాతం పెరుగుతుందని తేలింది. మెట్రో లేకుండా, ఒక్కొక్కరు ఒక్కొక్క వాహనంలో పోతే ఆ దూరం దాదాపు తొంభై శాతం పెరుగుతుందని కూడా తేలింది. రెండోది 2018లో అచ్చయిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతపు పరిశీలన: పదమూడు మందికి వారం రోజులు ఉచితంగా డ్రైవరును ఇచ్చి, సొంత కారు తనంతట నడిచినట్లే వాడుకోమన్నప్పుడు, వారి కార్లు తిరిగిన దూరం 83 శాతం పెరిగింది, అందులో కొంత మనిషి లేకుండా బండి ఒక్కటే తిరిగిన ఖాళీ పరుగు. నమూనా చిన్నదే అయినా దాని సూచన గట్టిది. రెండు పాఠాలూ కలిపి చూస్తే, వాహనం రైలుకు తోడైతే కార్ల సంఖ్య తగ్గుతుంది, రైలుకు పోటీ అయితే రోడ్డు నిండిపోతుంది. రాయ్‌పూర్–విశాఖ ఆరు వరుసల కొత్త రహదారి, కాంకేర్, కొండగావ్ జిల్లాల మీదుగా సిద్ధమవుతున్న ఈ సమయంలో ఆ రెండో మార్గం బస్తర్‌కు ఊహాజనితం కాదు. ధనికుల కార్లకు ముందుగా పనికివచ్చే స్వయంచాలకత, ప్రవేశం నియంత్రించిన అటువంటి రహదారుల పైనే తేలికగా నడుస్తుంది.

యంత్రం రోడ్డును ఎట్లా చూస్తుందో కొంత వివరించడం అవసరం. కెమెరా బొమ్మ తీస్తుంది. రాడార్ రేడియో తరంగాలతో దూరాన్నీ వేగాన్నీ కొలుస్తుంది. లైడార్ అనే పరికరం లేజరు కిరణాలను విసిరి, అవి తిరిగి వచ్చే వ్యవధిని బట్టి చుట్టూ ఉన్న వస్తువుల ఆకారాన్ని లక్షల బిందువులుగా అల్లుతుంది. ఈ మూడింటి నుంచి వచ్చే సమాచారానికి అర్థం చెప్పేది ముందుగా నేర్చుకున్న ఉదాహరణల గుట్ట. అది ఐరోపా, అమెరికా వీధుల నుంచి ఏరినదైతే బస్తర్ దారి దానికి తెలియదు. హైదరాబాద్‌లోని ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ సంస్థతో కలిసి, హైదరాబాద్, బెంగళూరు, వాటి పరిసరాల రోడ్ల నుంచి సుమారు పది వేల చిత్రాలను సేకరించి, 34 తరగతులుగా గుర్తులు పెట్టి సిద్ధం చేసిన భారతీయ రోడ్డు చిత్రసంచయం ఈ లోటును గుర్తించిన తొలి ప్రయత్నాలలో ఒకటి. అందులో ఆటోకు, పశువుకు ప్రత్యేక తరగతులున్నాయి. అంతకన్నా విలువైనది, తారు రోడ్డు కాకపోయినా అవసరమైతే బండి దిగగల మట్టి అంచును వేరుగా గుర్తించడం. భారతదేశపు పల్లె డ్రైవరుకు ఉన్న జ్ఞానంలో సగం ఆ అంచును చూడడంలోనే ఉన్నది.

అయినా బస్తర్ అంతకు మించినది అడుగుతుంది. వాగు పొంగి కల్వర్టు మీద నీళ్లు పారుతున్నప్పుడు దాటవచ్చునా లేదా అన్నది ఊరి మనిషి నీటి రంగూ సుడీ చూసి చెబుతాడు; లైడార్ కిరణం ఆ నీటి మీద తడబడుతుంది. సాయంత్రం మంద ఇంటికి మళ్లే వేళ, ఇప్పపువ్వు ఏరే ఋతువులో తెల్లవారకముందే చెట్ల కింద మనుషులు వంగి ఉండే వేళ, పెళ్లి ఊరేగింపు రోడ్డంతా నిండే వేళ, రోడ్డు అన్నది వాహనానికి మాత్రమే చెందిన స్థలం కాదు. దక్షిణ బస్తర్‌లో చాలాచోట్ల ఫోను సిగ్నలు అందదు. దూరపు పర్యవేక్షకుని మీద ఆధారపడే వాహనం అక్కడ నిలిచిపోతే దాన్ని కదిలించే నాథుడు ఉండడు. దశాబ్దాలపాటు మందుపాతరలు పేలిన రోడ్లపై మనిషి లేని వాహనం వస్తే ఊరివారూ భద్రతా దళాలూ ఇద్దరూ దాన్ని అనుమానంగానే చూస్తారన్నది కూడా మరవరానిది. 2018 మార్చిలో అమెరికాలోని టెంపే పట్టణంలో, సైకిలు నడిపించుకొంటూ రాత్రివేళ రోడ్డు దాటుతున్న ఒక మహిళను పరీక్షలో ఉన్న స్వయంచాలిత కారు ఢీకొట్టి చంపినప్పుడు, ఆ యంత్రం ఆమెను ఒకసారి వాహనంగా, ఒకసారి సైకిలుగా, ఒకసారి గుర్తు తెలియని వస్తువుగా మార్చి మార్చి లెక్కించిందని దర్యాప్తులో బయటపడింది. నెత్తిన గంప, చంకన బిడ్డ, పక్కన మేకతో నడిచే స్త్రీని ఏ సందేహమూ లేకుండా మనిషిగా గుర్తించగలనని రుజువు చేసుకునేంత వరకు ఏ యంత్రానికీ సంత దారిలో వేగంగా పోయే హక్కు ఉండకూడదు.

ఈ ఇబ్బందులన్నీ కలిసి ఒక రూపాన్ని సూచిస్తున్నాయి: తక్కువ వేగం, చిన్న దూరం, మారని దారి, దానికి ఒక చివర రైలు స్టేషను. జపాన్‌లోని ఫుకుయి ప్రాంతంలో ఎయిహెయిజి అనే చిన్న పట్టణంలో 2023 మేలో మొదలైన సేవ సరిగ్గా ఇటువంటిది. అక్కడ మూసివేసిన పాత రైలు మార్గపు కట్ట మీద, నేలలో పాతిన తీగ వెంబడి, గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో, గోల్ఫ్ బండి వంటి వాహనాలు నాలుగో స్థాయి అనుమతితో నడిచాయి. జపాన్‌లో ఆ అనుమతి పొందిన తొలి సేవ అదే. టోక్యో నగరపు వీధులలో కాక వృద్ధులు ఎక్కువగా ఉన్న ఒక లోతట్టు ఊళ్లో ఆ దేశం ముందడుగు వేయడం గమనించదగినది. మన దగ్గర సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో, తిహాన్ అనే కేంద్రం 2022 జూలైలో ప్రారంభమైన తన పరీక్షా ప్రాంగణంలో ఇటువంటి బండ్లనే అభివృద్ధి చేసి, 2025లో ఆరు సీట్ల, పద్నాలుగు సీట్ల డ్రైవర్ లేని బండ్లను క్యాంపస్‌లో విద్యార్థులకు, ఉద్యోగులకు సేవగా నడిపింది. క్యాంపస్‌కూ పల్లెకూ మధ్య దూరం చాలా ఉన్నది. కాని తారు రోడ్డు మీద, పగటి వేళ, స్టేషనుకూ ఆసుపత్రికీ మధ్య మూడు నాలుగు కిలోమీటర్ల మార్గం జగదల్‌పూర్‌లోనో దంతెవాడలోనో ఆ దూరానికి వారధి కాగలదు.

రైలు దిగిన మనిషిని ఇంటికి చేర్చే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నకు తెలుగువారి చరిత్రలోనే ఒక గొప్ప జవాబు ఉన్నది. 1932లో హైదరాబాద్ సంస్థానంలో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ప్రభుత్వ బస్సు సేవ మొదలైనప్పుడు, దాన్ని నడిపింది వేరే సంస్థ కాదు, నిజాం స్టేట్ రైల్వేలోనే ఏర్పరచిన రోడ్డు రవాణా విభాగం. రైలూ బస్సూ ఒకే పద్దులో, ఒకే యాజమాన్యంలో ఉండడం వల్ల ఒకటి రెండోదాని ప్రయాణికులను లాగుకోవలసిన అవసరం లేకపోయింది. తరువాతి దశాబ్దాలలో ఆ రెండూ విడిపోయి, స్టేషను గేటు బయట ఆటోల బేరంతో మొదలయ్యే ప్రయాణం మామూలు విషయంగా మారింది. బస్తర్‌కు డ్రైవర్ లేని బండి వస్తే, అది 1932 నాటి పద్ధతిలో రైలు టికెట్టుతోనే ఎక్కగలిగినదిగా, రైలు ఆలస్యమైతే తానూ వేచి ఉండేదిగా, ప్రభుత్వ పద్దులోనిదిగా ఉండాలని ఈ ఉపన్యాసం గట్టిగా కోరుతున్నది.

ఉపాధి ప్రశ్నను దాటవేయడం న్యాయం కాదు. కేంద్ర రోడ్డు రవాణా మంత్రి నితిన్ గడ్కరీ డ్రైవర్ల జీవనోపాధి పోతుందన్న కారణంతో డ్రైవర్ లేని కార్లను దేశంలోకి రానివ్వబోమని 2023 డిసెంబరులోనూ, అంతకు ముందూ ప్రకటించారు. బస్తర్‌లో పికప్ నడిపే యువకుడికి ఆ బండి ఒక్కటే పొలం, ఒక్కటే ఉద్యోగం. దాని విలువను లెక్కలోకి తీసుకోని ప్రణాళిక ఆ యువకుడికి ద్రోహం చేస్తుంది. అయితే బస్సూ పికప్పూ అసలు లేని మార్గంలో పోయే ఉద్యోగమూ లేదు. అటువంటి మార్గాలలో బండికి స్టీరింగు పట్టే మనిషి అక్కరలేకపోయినా, మూట ఎక్కించే, ముసలివారిని చేయి పట్టి దింపే, గోండిలోనో హల్బీలోనో మాట్లాడే, వాగు పొంగితే బండిని నిలిపివేసే మనిషి అక్కర ఉంటుంది. ఆ సహాయకుని ఉద్యోగాన్ని ఊరి నుంచే, జీతంతో, పథకంలో భాగంగా రాసుకోవాలి. దాన్ని ఖర్చుగా చూసి తీసివేసిన రోజున బండి ఖాళీగా తిరగడం మొదలవుతుంది.

ఇవన్నీ నిర్ణయించవలసిన కాలం ఇదే. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి దల్లీ రాజహరా గనులు తరుగుతున్నందున రావ్‌ఘాట్ కొండల ఖనిజం కోసం మొదలైన రైలు మార్గం అంతాగఢ్ దాటి తాడోకీ చేరింది. తాడోకీ–రాయ్‌పూర్ రైలు 2023 అక్టోబరులో మొదలైంది. రావ్‌ఘాట్ నుంచి కొండగావ్ మీదుగా జగదల్‌పూర్ వరకు 140 కిలోమీటర్ల రెండో భాగానికి 2025లో సుమారు 3,513 కోట్ల రూపాయలతో అనుమతి లభించింది. కొత్తగూడెం–కిరండూల్ మధ్య దాదాపు 160 కిలోమీటర్ల మార్గానికి తుది సర్వే సాగుతున్నది. మల్కాన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం మార్గాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో ఆమోదించింది. ఈ మార్గాలు పూర్తయితే మిరప కూలీ భద్రాచలానికి రైలులో రావచ్చు. రోగి జగదల్‌పూర్ ఆసుపత్రికి ఒక పూటలో చేరవచ్చు. రైలు కట్టేవారు స్టేషను ముందు ఎంత స్థలం సేకరిస్తారు, అందులో బస్సుకూ చిన్న బండికీ వేరుగా దారి ఉంటుందా, స్టేషను నుంచి సంతకూ ఆసుపత్రికీ పోయే రోడ్డుకు పక్కన నడిచేవారికీ పశువులకూ వేరే బాట ఉంటుందా అన్నవి భూసేకరణ పటంలోనే తేలిపోతాయి. తరువాత ఏ సాంకేతికతా వాటిని సరిదిద్దలేదు. ఆ పటాలతో పాటే, రోజుకు ఎన్ని ప్యాసింజరు రైళ్లు, ఏ స్టేషనులో ఏ బండి ఎన్ని నిమిషాలు ఆగి కూలీలనూ వారి మూటలనూ ఎక్కించుకోవాలి, వానాకాలంలో బండి నడవని రోజున బదులుగా ఏ వాహనం పంపాలి అన్న సంగతులను కూడా, రావ్‌ఘాట్ నుంచి తొలి ఖనిజం రైలు జగదల్‌పూర్ వైపు కదలకముందే, రైల్వే, రాష్ట్ర ప్రభుత్వం, ఆ ఊళ్ల గ్రామసభలు కలిసి కాగితం మీద పెట్టి, ఊరూరా చదివి వినిపించాలి.